ఉపాధి చట్టము – కూలివారి రాబడి

మన యేన్కూరు ప్రాంతమున మిరపకోతలు ముగిసినది మొదలు తొలకరి వఱకు, తునికాకు కోయు కొలఁది దినములు దక్క, కూలివారికి పని యరుదు. 2005వ సంవత్సరపు ఉపాధి హామీ చట్టము 2006లో ఖమ్మము జిల్లాకు వచ్చి, గ్రామకుటుంబమునకు ఏఁటికి 100 దినముల పనిని హక్కుగా నొసఁగెను. చెఱువు పూడిక తీయు స్త్రీకిని పురుషునికిని కూలి రేటొక్కటియే. పొలము కూలిలో నీ సమత తఱచు కానరాదు. తెలుగునాట ఈ పనిదినములలో సగమునకు మించి స్త్రీలవే యగుట వింత గాదు.

దీనివలన కూలివారు సోమరులగుదురని కొందఱనిరి. మండుటెండలో గడ్డపాఱతో మన్ను త్రవ్వువారిని సోమరులనుట మాకు విడ్డూరము! వేఱొక పని కలదన్న ధైర్యముతో రైతునొద్ద బేరమాడఁ గల్గుటయే అసలు లాభము.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త చట్టము 125 దినములు హామీ యిచ్చినది. కాని విత్తు, కోత కాలములలో మొత్తము 60 దినములు పని నిలుపుమనినది. మిరపకోత కూలి బేరము సాగునది కోతకాలముననే గదా!