గాలి హోరెత్తితే నేటికీ నిద్రరాదు

అవనిగడ్డ: 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనకు 10 వేల మందికి పైగా బలయ్యారు. ఆనాడు తాటిచెట్లను కరచుకుని బతికి బయటపడ్డ పిల్లలకు ఇప్పుడు యాభై దాటింది. మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు, చేలు సాగు చేశారు, బిడ్డల పెళ్లిళ్లు చేశారు. కానీ కార్తీకంలో గాలి హోరెత్తితే వారిలో కొందరికి కంటిమీద కునుకుండదు. గుండెదడ, అరచేతుల్లో చెమట. లేచి లేచి తలుపు గడియ చూసుకుంటారు.

ఇంత వయసొచ్చి భయమేమిటని నవ్వేవారికేం తెలుసు! ఇది పిరికితనం కాదు. పసితనంలో ప్రాణం మీదికొచ్చినప్పుడు పట్టిన బెదురును మనసు మరిచినా ఒళ్లు మరవదు. ఆ చప్పుడు వినపడగానే ఆపద మళ్లీ వచ్చిందనే అనుకుంటుంది. సారాతో అణచబోయిన వారికి నిద్ర మరింత చెడింది, ఇల్లూ గుల్లయింది.

నమ్మకమైన మనిషికి కొద్దికొద్దిగా చెప్పుకుంటే బరువు దిగుతుంది. నోరు విప్పలేని వారిని మాత్రం గుచ్చిగుచ్చి అడగరాదు. వారాల తరబడి నిద్ర కరువై, పని సాగకపోతే మానసిక వైద్యునికి చూపించాలి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. గాలివాన రాత్రి ఇంట్లోవారు ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, దీపం పెట్టి పక్కన కూర్చోవాలి.