అమ్మకానికి ఒక ‘ఏ’ గ్రేడు విల్లా

ఫ్రిజ్జు కొనేటప్పుడు దాని తలుపు మీద అంటించిన రంగుల పట్టీ చూస్తాం కదా, ఆకుపచ్చ ‘ఏ’ నుంచి ఎర్ర ‘జీ’ దాకా. యూరప్‌లో ఇళ్ళకి కూడా అలాంటి పట్టీ ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో నాకు ఈమధ్యనే తెలిసింది, అదీ రెండు రాత్రులు చలికి వణికాక.

మేము ఉండేది ఇంగ్లండులో. రిటైరయ్యాక చలికాలం మూడు నెలలు ఎండ ఉన్న చోట గడపాలని మా ఆవిడ కోరిక. మూడు నెలలే ఎందుకంటే, బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఊరికే ఉండటానికి వీల్లేదు. దాచుకున్న డబ్బంతా ఇందులోనే పెట్టాలి కనుక తొందరపడకూడదనుకుంటూనే వెతుకుతున్నాం. ఇంతలో స్పెయిన్‌లో అలికాంటే దగ్గర, షాలో లోయలో ఒక ఇంటి ప్రకటన కనిపించింది. ‘ఇంధనం ఆదా చేసే కుటుంబ విల్లా. 240 చదరపు మీటర్లు, నాలుగు పడగ్గదులు, అర మీటరు మందం రాతి గోడలు, 6 కిలోవాట్ల సోలార్ పలకలు. గ్రేడు ఏ.’ ఇంకేం కావాలి?

ఆ ఇంటిని సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకి కూడా ఇస్తారట. ఫిబ్రవరిలో రెండు రాత్రులకి డబ్బు కట్టి అక్కడే దిగాం. లోయంతా బాదం చెట్లు తెల్లగా, గులాబీ రంగుగా పూసి ఉన్నాయి. ఇంటి ముందు కమానులతో పెద్ద వసారా. దాన్ని అక్కడ ‘రియురావ్’ అంటారు. ద్రాక్షపళ్ళు ఎండబెట్టేటప్పుడు వానా మంచూ వస్తే తట్టలు లోపలికి లాగడానికి కట్టుకున్నది. 19వ శతాబ్దంలో ఇక్కడి కిస్మిస్ పక్కనున్న డేనియా రేవు నుంచి ఓడల్లో ఇంగ్లండుకే వెళ్ళేది.

ఆ వసారా దక్షిణం వైపు ఉంది. ఆ ఊరు 38.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి జూన్ నెలాఖరులో మధ్యాహ్నం సూర్యుడు 75 డిగ్రీల ఎత్తున, డిసెంబరులో 28 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. మూడు మీటర్ల ఎత్తున్న కమాను లోంచి జూన్ ఎండ ఒక మీటరు కూడా లోపలికి రాదు. డిసెంబరు ఎండ ఐదు మీటర్లకి పైగా పాకుతుంది. మరలు లేవు, కరెంటు లేదు, వేసవిలో నీడ, చలికాలంలో ఎండ! లెక్కలు నేర్వని రైతులు కట్టిన ఈ వసారాకి నేను అక్కడికక్కడే నూటికి నూరు మార్కులు వేసేశాను.

సూర్యుడు కొండ చాటుకి వెళ్ళాక అసలు కథ మొదలైంది. పెల్లెట్ బాయిలర్, అంటే రంపపు పొట్టుని గుళికలుగా నొక్కి కాల్చేది, రాత్రంతా పనిచేస్తూనే ఉంది. అయినా పడగ్గది గోడ మీద చెయ్యి పెడితే మంచుముక్క. “ఏమండీ, ఇది ‘ఏ’ గ్రేడు అయితే ‘జీ’ గ్రేడు ఎలా ఉంటుందో!” అంది మా ఆవిడ, రెండో శాలువా కప్పుకుంటూ.

నాకూ అర్థం కాలేదు. కర్నూలు దగ్గర మా తాత మిద్దె గోడలు ఇంతే మందం. మే నెలలో బయట నిప్పులు కురుస్తున్నా లోపల హాయిగా ఉండేది. మందపాటి గోడ ఉంటే చాలని నా నమ్మకం. ఆ నమ్మకమే నన్ను ముంచింది.

మందం వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం గోడకి తగిలిన వేడి లోపలికి చేరేసరికి పది పన్నెండు గంటలు పడుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది, తలుపులు తెరిస్తే సరి. పగలు ఎక్కువ వేడి, రాత్రి తక్కువ వేడి ఉన్నంత కాలం ఈ కిటుకు పనిచేస్తుంది. కానీ పగలూ రాత్రీ కూడా బయట చలే అయితే, ఆలస్యం చేసి లాభమేమిటి? వేడి లోపలి నుంచి బయటికి ఆగకుండా కారిపోతూనే ఉంటుంది. మనకి ఇంటిని వెచ్చబెట్టుకునే అవసరం లేదు కాబట్టి మిద్దెలో ఈ లోపం ఎప్పుడూ బయటపడలేదు. వేడిని ఆపేది ఇన్సులేషన్. పది సెంటీమీటర్ల రాతిఉన్ని ఆపినంత వేడిని ఆపాలంటే సున్నపురాతి గోడ సుమారు నాలుగు మీటర్ల మందం ఉండాలి! స్పెయిన్‌లో ఇళ్ళకి ఇన్సులేషన్ ఉండాలన్న మొదటి నిబంధనలు 1979లో వచ్చాయి. ఈ గోడలు అంతకు ముందువి.

మరి ‘ఏ’ గ్రేడు ఎలా వచ్చింది? మర్నాడు పొద్దున్నే సర్టిఫికెట్ మొత్తం పంపమని ఏజెంటుని అడిగాను. 2002 నాటి యూరోపియన్ ఆదేశం నుంచి పుట్టిన కాగితం ఇది. 2013 జూన్ 1 నుంచి స్పెయిన్‌లో ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా తప్పనిసరి. ప్రకటనల్లో కనిపించే అక్షరాలు రెండు: ఏడాదికి చదరపు మీటరుకి వెలువడే కార్బన్ డయాక్సైడు ఎంత, పునరుత్పత్తి కాని ఇంధనం ఎంత ఖర్చవుతుంది అని. చెట్టు పెరిగేటప్పుడు పీల్చుకున్న కార్బనే పెల్లెట్ కాలితే బయటికి వస్తుందని లెక్క. అందుకని అక్కడి అధికారిక పట్టికలో ఒక యూనిట్ వేడికి గ్యాస్ అయితే 0.252 కిలోలు, పెల్లెట్ అయితే 0.018 కిలోలు. పద్నాలుగు రెట్ల తేడా! చిల్లు కుండ లాంటి ఇంట్లోనైనా పెల్లెట్ బాయిలర్ పెడితే గ్రేడు పైకి ఎగబాకుతుంది. ఇందులో మోసమేమీ లేదు. ఆ అక్షరం జవాబిచ్చే ప్రశ్న ఒకటి, నేను అడగవలసిన ప్రశ్న ఇంకొకటి.

నా ప్రశ్నకి జవాబు లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది: ‘వేడి అవసరం’. ఏ ఇంధనం వాడతారన్నది పక్కనబెట్టి, ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఎంత వేడి కావాలో చెప్పే అంకె. మా విల్లాకి అది ఏడాదికి చదరపు మీటరుకి 62 యూనిట్లు, గ్రేడు ‘ఈ’. 240తో గుణిస్తే దాదాపు 14,900 యూనిట్లు. కిలో పెల్లెట్లలో 4.8 యూనిట్లు, బాయిలర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే ఏడాదికి మూడున్నర టన్నులకి పైనే. పదిహేను కిలోల బస్తాలు 240 పైచిలుకు! మేముండేది చలి నెలల్లోనే కాబట్టి అందులో పెద్దవాటా మాదే. డెబ్భై ఏళ్ళ వయసులో ఆ బస్తాలు మోసేదెవరు?

పోల్చి చూడండి. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జనం కాపురానికి వచ్చిన మొదటి ‘పాసివ్ హౌస్’ పద్ధతిలో ఈ అంకె 15 దాటకూడదు. అంటే ఇదే సైజు ఇంటికి 3,600 యూనిట్ల వేడి. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి లాగే హీట్ పంప్ పెడితే 1,200 యూనిట్ల కరెంటు చాలు.

“సోలార్ ఉంది కదండీ” అన్నాడు ఏజెంటు. ఉంది. ఆ ఎండకి 6 కిలోవాట్ల పలకలు ఏడాదికి తొమ్మిది వేల యూనిట్లిస్తాయి. కానీ పెల్లెట్ బాయిలర్‌కి ఆ కరెంటుతో పెద్దగా పనిలేదు. పైగా ఎక్కువ కరెంటు వచ్చేది మేము లేని ఎండాకాలంలో. 2019 నిబంధనల ప్రకారం మిగులు కరెంటుకి బిల్లులో తగ్గింపు ఇస్తారు గానీ లెక్క ఏ నెలకానెలే. వాడిన కరెంటు ఖర్చు సున్నా దాకా తగ్గుతుంది, అంతకన్నా దిగదు. ఆగస్టు ఎండ జనవరి చలికి అక్కరకు రాదు.

ముందు పైకప్పుకి ఇన్సులేషన్, తర్వాత కిటికీలకి రెండు పొరల అద్దాలు, ఆఖర్న హీట్ పంప్ – ఈ వరసలో బాగుచేయించడానికి అంచనా వేయించి, ఆ మొత్తం తగ్గిస్తే కొంటామన్నాం. ఇంటాయన ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా వేరేవాళ్ళు కొనుక్కున్నారు. వేసవిలో మాత్రమే వచ్చేవాళ్ళయితే వాళ్ళకి అది నిజంగా మంచి ఇల్లే.

మీరెవరైనా అటువైపు ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే నా సలహా ఇదే. పెద్ద అక్షరం చూసి మురిసిపోకుండా వేడి అవసరం, చల్లదనం అవసరం అన్న రెండు అంకెలు అడగండి. మీరు ఏ నెలల్లో ఉండబోతారో ఆ నెలలోనే వెళ్ళి, వీలైతే ఒక రాత్రి పడుకుని చూడండి. వసారా ఏ దిక్కున ఉందో కూడా చూసుకోండి. గోడకీ కప్పుకీ ఇన్సులేషన్ తర్వాతైనా వేయించుకోవచ్చు, ఇంటిని మాత్రం తిప్పి పెట్టలేం కదా.

మేము ఇంకా వెతుకుతున్నాం. మా ఆవిడకి ఆ రియురావ్ మీద మాత్రం మనసు పోలేదు.