రెండు ‘ఏ’లు కలిస్తే ‘ఓ’

సీసా మీది పేరును ఆ ఊరివారు ఎలా పలుకుతారో అక్షరాలు చెప్పవు. నార్వేలోని ఒక పాత బీరు కర్మాగారానికి ఎదురైన ఈ చిక్కే ఢిల్లీలోని వసంత్ కుంజ్‌కూ, మన కడపకూ ఎదురైనది.

నార్వే రాజధానికి నైరుతి దిక్కున, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, డ్రమ్మెన్ అనే పట్టణం ఉన్నది. ఊరి పేరే పెట్టుకున్న నది ఒకటి దాని మధ్యగా సాగిపోతుంది. ఆ నది ఒడ్డున 1834లో స్థాపితమైన బీరు కర్మాగారం నేటికీ పనిచేస్తున్నది. నార్వేలో ఇప్పటికీ నడుస్తున్న బ్రూవరీలలో అదే అన్నిటికన్న పాతది. 1867లో అది పౌల్ లౌరిట్స్ అనే పెద్దమనిషి చేతికి వచ్చింది. ఆయన ఇంటిపేరే కర్మాగారానికి స్థిరపడింది. రోమన్ లిపిలో ఆ ఇంటిపేరుకు నాలుగే అక్షరాలు: రెండు ‘ఏ’లు, రెండు ‘ఎస్’లు.

ఇంగ్లీషు చదువుకున్నవారికి ఆ సీసా చూడగానే నవ్వు రావడంలో వింత లేదు. ముందున్న ‘ఏ’లలో ఒకటి తీసివేస్తే మిగిలేది గాడిద. అమెరికా వాడుకలోనైతే అంతకన్న మోటైన మాట. తెలుగువాడు చూస్తే దీర్ఘం తీసి ‘ఆస్’ అంటాడు. ఆ సీసాను తయారుచేసే ఊరిలో మాత్రం ఈ రెండు ఉచ్చారణలలో ఏదీ చెల్లదు. డ్రమ్మెన్ వాసి నోట ఆ పేరు ‘ఓస్’.

రెండు ‘ఏ’లు కలిస్తే ‘ఓ’ ఎలా అయింది? పూర్వం డేనిష్, నార్వేజియన్ భాషలలో దీర్ఘమైన ‘ఆ’ను సూచించడానికి ‘ఏ’ను రెండుసార్లు రాసేవారు. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ ధ్వని నాలుక మీద గుండ్రబడి ‘ఓ’కు దగ్గరైనది. రాత మాత్రం కదలలేదు. చివరకు 1917లో నార్వే తన వర్ణక్రమాన్ని సంస్కరించుకొని, జంట ‘ఏ’కు బదులుగా నెత్తిన చిన్న సున్న ఉన్న ఒకే అక్షరాన్ని ప్రవేశపెట్టింది. డెన్మార్క్ అదే పనిని 1948లో చేసింది. నిఘంటువులోని మాటలన్నీ కొత్త అక్షరం తొడుక్కున్నవి గాని, మనుషుల ఇంటిపేర్లు చాలావరకు పాత రాతనే అట్టిపెట్టుకున్నవి. తాత సంతకం చేసిన తీరును మార్చడానికి మనుమడికి మనసు ఒప్పదు కదా! డెన్మార్క్‌లోని ఓర్హూస్ నగరమైతే కొత్త అక్షరంతో అరవై ఏళ్లకు పైగా గడిపి, 2011లో తిరిగి జంట ‘ఏ’కు మళ్లుకున్నది. పలుకుబడిలో మాత్రం మార్పేమీ లేదు.

ఈ సున్న ‘ఏ’ నార్వే అక్షరమాలలో 29వది, అనగా చిట్టచివరిది. జంట ‘ఏ’తో రాసిన ఇంటిపేర్లను కూడా దానికిందనే చేర్చడం అక్కడి ఆచారం. కాబట్టి ‘ఓస్’ వారి ఇంటిపేరును జాబితా మొదటి పుటలో వెదికేవాడు పరదేశి, చివరి పుట తిప్పేవాడు స్వదేశి. ఉత్తర నార్వేలో ఒక దీవి కొసన ఉన్న పల్లె పేరు మొత్తం ఈ ఒక్క అక్షరమే. దానిని ‘ఓ’ అంటారు. ఇక ‘ఓస్’ అనే మాటకు కొండవరుస అని అర్థం. ఆ భావంతో ఏర్పడిన ఇంటిపేర్లు ఆ దేశంలో కొల్లలు. నార్వేలో 1975 నుంచి మద్యం ప్రకటనలు నిషిద్ధం. ప్రకటన లేని చోట సరుకు పేరు నోటి నుంచి నోటికే నడవాలి. అక్కడివారికి ఆ పేరు చెవి ద్వారా అందుతుంది. దూరదేశపు గ్రాహకుడికి కంటి ద్వారా అందుతుంది. తేడా అంతా అక్కడే.

ఇటువంటి చిక్కును చూడడానికి నార్వే దాకా పోనక్కరలేదు. దక్షిణ ఢిల్లీలో, అక్కడివారు ‘రిడ్జ్’ అని పిలిచే ఆరావళి కొండవరుస అంచున, వసంత్ కుంజ్ ఉన్నది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1980ల దశకంలో తీర్చిదిద్దిన నివాస ప్రాంతమిది. పేరులోని రెండు మాటలూ సంస్కృతమే. వసంతకాలపు పొదరిల్లు అని భావం. నాగరి లిపిలో ఉన్న ఆ పేరును అక్షరానికి అక్షరంగా తెలుగులోకి దించితే వచ్చేది ‘వసంత కుంజ’. అక్కడ పొల్లు అన్నదే లేదు. అయినా హిందీ మాతృభాషగా గలవారు మాట చివరి అకారాన్ని మింగివేస్తారు. ఆ మింగడం లిపిలో లేదు. తల్లి ఒడిలో నేర్చినది. తెలుగు లిపి అటువంటి గుట్టును దాచలేదు. ‘త’ అని రాస్తే ‘త’ అనే పలకాలి. అందువల్లనే నాగరిలో కనిపించని రెండు పొల్లులు తెలుగు రాతలో ప్రత్యక్షమవుతాయి.

రోమన్ లిపిలోకి వచ్చేసరికి కథ మరో మలుపు తిరుగుతుంది. తెలుగువారు ‘త’ ధ్వనికి ‘టీ, హెచ్’ రెండూ రాస్తారు. ఒక్క ‘టీ’ రాస్తే అది ‘ట’ అవుతుందని వారి భయం. ఢిల్లీలో ‘త’కు ‘టీ’ ఒక్కటే చాలు. ‘హెచ్’ చేరితే అది ‘థ’. ఫలితంగా తెలుగునాడు నుంచి వచ్చిన లత అక్కడి బడిలో ‘లథా’ అవుతుంది. వసంత్ ‘వసంథ్’ అవుతాడు. ఆ ఊరి బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలను చూసి కొత్తగా దిగిన తెలుగువాడు ‘వసంట్’ అన్నా అనవచ్చు. ఇందులో ఎవరి అజ్ఞానమూ లేదు. ఒకే అక్షరం గురించి రెండు సమాజాలు చేసుకున్న రెండు ఒప్పందాలు మాత్రమే ఉన్నవి. కాని రోజూ హాజరు పట్టీలో పరాయి పేరుకు ‘ప్రెజెంట్’ చెప్పవలసిన పసివాడికి ఈ వివరణ ఊరట కాదు. కొన్నాళ్లకు సరిదిద్దడం మానుకొని, ఇంట్లో ఒక పేరుతోను, బయట ఒక పేరుతోను బతకడం అలవాటు చేసుకుంటాడు.

కడప విషయం ‘ఓస్’కు మరింత దగ్గర చుట్టం. ఊరివారు తమ ఊరిని కడప అనే పిలిచేవారు. ఆంగ్లేయుల దస్తావేజులు మాత్రం ‘సీ’తో మొదలై ‘హెచ్’తో ముగిసే ఎనిమిది అక్షరాల రూపాన్ని దానికి తగిలించాయి. తెలియనివారు దానిని ‘కుద్దపా’ అని చదివేవారు. 2005లో ప్రభుత్వం ఉచ్చారణకు తగినట్లు ఆరు అక్షరాల రాతను ఖాయం చేసింది. అయినా భూగర్భ శాస్త్రవేత్తలు అక్కడి ప్రాచీన శిలాశ్రేణులను ఇప్పటికీ పాత వర్ణక్రమంతోనే పేర్కొంటారు. రాత రెండు విధాలు. ఊరివారి పలుకు ఒకటే.

ఈ బాధ్యత అనువాదకుడి మీద మరింత బరువుగా పడుతుంది. ఇంగ్లీషులో అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు దింపుకొని ఉచ్చారణను పాఠకుడికి వదిలివేయవచ్చు. తెలుగులో ఆ తప్పించుకునే దారి లేదు. కలం కదిపిన క్షణమే ‘ఆస్’యో ‘ఓస్’యో తేల్చుకోవాలి. డ్రమ్మెన్ కర్మాగారం చేతులు మారిన 1867లోనే ఇబ్సెన్ నాటకం ‘పేర్ గ్యుంట్’ వెలువడింది. తెలుగువారికి ఆ పేరు ఇంగ్లీషు మీదుగా ‘పీర్ గింట్’గానే ఎక్కువగా పరిచయం, నార్వేవారి నోట అది దాదాపు ‘పేర్ యుంట్’. వారి రాజధాని ఓస్లోను సైతం ఆ నగరవాసులు ‘ఊస్లు’కు దగ్గరగా పలుకుతారు.

మరి అన్నిటినీ సవరించాలా? ఓస్లోను ఇప్పుడు ‘ఊస్లు’ అని రాస్తే పాఠకుడు పటంలో ఆ ఊరిని గుర్తుపట్టలేడు. లోకంలో వేళ్లూనిన పేరును కదపడం వల్ల స్పష్టత పెరగదు, తగ్గుతుంది. కాని తెలుగులోకి తొలిసారి అడుగుపెడుతున్న పేరుకు ఆ అడ్డంకి లేదు. దానిని మొదట రాసినవాడు ఎలా రాస్తే తరువాతివారందరూ అలాగే రాస్తారు. అందుచేత ఆ మొదటిసారి, ఇంగ్లీషు వర్ణక్రమాన్ని కాక, ఆ పేరుగల మనిషినో, ఆ ఊరివాడినో అడగడం ధర్మం. అడగడానికి పట్టేది అర నిమిషం. అడగకపోతే ఆ తప్పు అచ్చులో తరాల తరబడి నిలిచిపోతుంది.