చిన్న దీపంతో ఎలక్ట్రానిక్స్ ఎలా మొదలుపెట్టాలి?

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుందా? అలాంటి రాత్రి వెలిగే చిన్న దీపం చేద్దాం రా!

ఎర్ర ఎల్‌ఈడీ, 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్‌ల రెసిస్టర్ తెచ్చుకో. రెసిస్టర్ మీద వరుసగా పసుపు, ఊదా, గోధుమరంగు చారలుంటాయి. ఈ రెసిస్టర్ ఎందుకు? ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులే చాలు. బ్యాటరీకి నేరుగా కలిపితే మాడిపోతుంది, అందుకే మధ్యలో రెసిస్టర్ పెట్టాలి. కొళాయి కాస్త కట్టేస్తే నీళ్లు సన్నగా వచ్చినట్టు, రెసిస్టర్ కరెంటుని తగ్గిస్తుంది. ఎల్‌ఈడీ పొడవు కాలు ప్లస్ వైపుండాలి. తిప్పి పెడితే వెలగదు, అది కరెంటుని ఒకవైపుకే పోనిస్తుంది మరి!

గోడ ప్లగ్గు జోలికి మాత్రం అస్సలు వెళ్లకు. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే, తర్వాత ఏం చేయాలో సైన్సు మాస్టారిని అడుగు.