మోసానికి ఎన్ని మారుపేర్లు!

1849లో న్యూయార్కు వీధులలో విలియం థాంప్సన్ అనే వ్యక్తి సంచరిస్తూ ఉండేవాడు. చక్కని దుస్తులు, మర్యాద ఉట్టిపడే మాటతీరు. దారిన పోయే సంపన్నుణ్ణి పాత పరిచయస్థునివలె పలుకరించి, నాలుగు కబుర్లు చెప్పి, చివరకు ఒక వింత ప్రశ్న వేసేవాడు: నామీద నమ్మకముంచి రేపటిదాకా మీ గడియారం నాకు అప్పగించగలరా? లేదనడానికి మొగమాటపడి కొందరు అప్పగించారు. ఆ రేపు ఎన్నడూ రాలేదు. గడియారం పోగొట్టుకున్న ఒకాయన అతణ్ణి వీధిలో గుర్తుపట్టి పోలీసుకు చూపడంతో ఆట కట్టయింది. 'న్యూయార్క్ హెరాల్డ్' పత్రిక అతనికి 'కాన్ఫిడెన్స్ మ్యాన్' అని పేరు పెట్టింది. నమ్మకపు మనిషి! 1857లో హెర్మన్ మెల్విల్ తన నవలకు ఆ పేరే ఎంచుకున్నాడు. నేడు ఇంగ్లీషువారు దానిని కుదించి 'కాన్‌మ్యాన్' అంటున్నారు.

ఈ మాటను తెలుగులోకి తేవలసివచ్చినప్పుడు అనువాదకునికి చిక్కు మొదలవుతుంది. మనకు మాటల కరువని కాదు. టోపీ వేయడం, పంగనామాలు పెట్టడం, శఠగోపం పెట్టడం, బురిడీ కొట్టించడం, చెవిలో పువ్వు పెట్టడం - మోసపోయినవాణ్ణి చూసి నవ్వుకోవడంలో మనం ఎవరికీ తీసిపోము. కాని కలం గంభీరంగా పట్టుకోగానే ఇవన్నీ తప్పుకొని 'మోసం' ఒక్కటే మిగులుతుంది. మరీ అయితే 'వంచన'.

ఇంగ్లీషులో మాత్రం ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క చరిత్ర ఉన్నది. 'చీట్' సంగతి చూడండి. మధ్యయుగపు ఇంగ్లండులో వారసులు లేకుండా మరణించినవారి భూమి ప్రభువుకో, రాజుకో చెందేది. ఆ హక్కు పేరు 'ఎస్చీట్'. ఆ వ్యవహారం చూసే రాజోద్యోగులు 'ఎస్చీటర్లు'. వారసులున్నా ఏదో వంక పెట్టి భూములు కాజేస్తారని వారికి అపకీర్తి. జనం నోట ఆ ఉద్యోగపు పేరే అరిగి 'చీట్' అయినది. అసలు మాట మాత్రం న్యాయశాస్త్రంలో నిష్కళంకంగా నిలిచి ఉన్నది. వారసులు లేని ఆస్తి ప్రభుత్వానికి చెందడాన్ని గురించిన మన రాజ్యాంగపు 296వ అధికరణంలోనూ కనిపిస్తుంది. అక్కడే దాని పక్కన 'లాప్స్' అనే మాట కూడా ఉన్నది. దత్తత చెల్లదని 1848లో సతారాను కలుపుకొన్న డల్హౌసీ వాడినదీ ఈ మాటే.

'స్విండ్లర్' పద్ధెనిమిదవ శతాబ్దంలో జర్మను భాషనుంచి వచ్చింది. అక్కడ దాని మూలార్థం తల తిరిగినవాడని. 'హిపోక్రిట్' గ్రీకు రంగస్థలంమీది నటుడు.

మన దేశంనుంచి వెళ్లిన మాట ఒకటున్నది - 'థగ్'. హిందీలో ఠగ్గు అంటే మోసగాడు. బాటసారులతో చెలిమి నటించి, గొంతుకు రుమాలు బిగించి చంపే ముఠాల గురించి స్లీమన్ 1830ల నాటి నివేదికలలో వ్రాశాడు. 1836లో వారిపై చట్టం వచ్చింది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో వారిపై నవల వ్రాసి లండనును ఊపివేశాడు. విచిత్రమేమంటే, సముద్రం దాటాక ఆ మాట తన చాతుర్యాన్ని పోగొట్టుకొన్నది. ఇప్పుడు ఇంగ్లీషులో థగ్గు వట్టి రౌడీ!

అబద్ధమని చెప్పకుండా అబద్ధమనే విద్యలో ఆంగ్లేయులు సిద్ధహస్తులు. 1906లో చర్చిల్ పార్లమెంటులో వాడిన 'టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్' - పరిభాషాపరమైన అయథార్థత - అట్టిదే. దానిని అనువదించడం కష్టమేమీ కాదు. ఎంత డాంబికంగా ఉంటే అంత సరిపోతుంది.

నిజమైన చిక్కు కోర్టు కాగితాలలో వస్తుంది. మెకాలే ముసాయిదానుంచి 1860లో రూపొందిన శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన 420వ సెక్షను జనం నోట తిట్టుగా స్థిరపడింది. 1955లో రాజ్ కపూర్ దానిని సినిమా పేరు చేశాడు. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ నేరం 318వ సెక్షనుకు మారినా, తిట్టు మారలేదు. అయితే చట్టం దృష్టిలో 'చీటింగ్' అంటే మొదటి క్షణంనుంచే దురుద్దేశంతో నమ్మించడం. నమ్మి అప్పగించిన సొమ్మును తర్వాత కాజేస్తే అది నమ్మకద్రోహం. దాని సెక్షను వేరు. ఒకే సంఘటనపై ఈ రెండు నేరాలూ కలిసి నిలువజాలవని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో మరొకసారి చెప్పవలసివచ్చింది.

తెలుగు ఫిర్యాదులో ఈ తేడా ఎక్కడుంటుంది? 'అప్పు తీసుకొని మోసం చేసినాడు' అని ఒక్క వాక్యం. దానిని 'చీటెడ్' అని ఇంగ్లీషు చేస్తే, అప్పు పుచ్చుకొన్న నాడే ఎగవేసే తలంపు ఉన్నదని ఆ మనిషిమీద ముద్ర వేసినట్లే. వానలు లేక పంట ఎండి, తీర్చలేకపోయినవాణ్ణీ మన ఊళ్లలో మోసగాడనే అంటారు. అతడు బకాయిదారు మాత్రమే. అతనిపై వేయవలసినది సివిల్ దావా. 'ఎగ్గొట్టాడు' అన్న మాటలోనూ అతని మనసును మనమే నిర్ణయించిన ధ్వని ఉన్నది.

అటువంటి కాగితం నా బల్లమీదికి వచ్చినప్పుడు వకీలుగారికి కబురు పెట్టి, అప్పిచ్చిన రోజున ఏమేమి మాటలు జరిగినవో ఫిర్యాదీని అడిగించమంటాను. జవాబు వచ్చేవరకు ఆ క్రియాపదపు చోటు ఖాళీగా ఉంచుతాను.