పోర్చుగీసు చదువు - స్త్రీల సగపాలు

అలమార, తువాలు, బొత్తాము, అనాస - మన యిండ్లలో నిత్యము వినవచ్చు నీ మాటలు పోర్చుగీసువారి వెంట వచ్చినవి. మాటలు మనలో కలిసిపోయినవి. కాని యా భాషలో వ్రాయఁబడి, చదువువారికై వేచియున్న కాగితము లింకను గలవు. అందు గొన్ని స్త్రీలకు మిక్కిలి ముఖ్యములు.

16వ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుఁడు, అంతఃపురపు ఖర్చుల లెక్కలను స్త్రీలే వ్రాయుచుండిరనియు, రాజ్యవ్యవహారములను వ్రాసి వెలుపలి లేఖకుల పుస్తకములతో సరిచూచు స్త్రీలును గలరనియు వ్రాసియుంచెను. ఆ గ్రంథము 1897లో అచ్చుపడి, 1900లో స్యూయల్ దొర యింగ్లీషులోనికి మార్చిన పిదపనే మనవారికి విరివిగాఁ దెలిసినది.

ఇది గతించిన వైభవము. గోవాలోనన్ననో, ఈ భాష నేఁటి కాఁపురములకును సంబంధించినది. 1510 మొదలు 1961 వఱకు నచటఁ బోర్చుగీసు ప్రభుత్వము నడచెను. 1867 నాఁటి వారి పౌరస్మృతి 1870 నుండి గోవాలో నమలులోనికి వచ్చెను. పెండ్లికి ముందు వేఱొక యొడంబడిక వ్రాసికొననిచో, దంపతుల యాస్తి యుమ్మడియగును. అందు సగము భార్యది. కుమారునితోపాటు కుమార్తెకును సమానభాగము గలదు. వారసత్వ విధులను 2012 నాఁటి రాష్ట్రచట్టము తిరిగి కూర్చినను, ఈ మూలసూత్రములు నిలిచియే యున్నవి.

అయితే పాత వివాహపు రిజిస్టర్లు, పంపకపు పత్రములు, భూమి దస్తావేజులు పోర్చుగీసులోనే యున్నవి. ఒక వితంతువు తన పాలు నిరూపించుకొనుటకు వానిలోని నాలుగు పంక్తులే యాధారము కావచ్చును. చదువువారు లేనిచో హక్కు ఉండియు లేనట్లే.

1961 తరువాత బడులలో నా భాష తగ్గిపోయెను. కావున 1985లో నేర్పడిన గోవా విశ్వవిద్యాలయములోఁ బోర్చుగీసునకు ఎం.ఏ. వఱకు బోధన జరుగుట గొప్ప మేలు. పోర్చుగల్ ప్రభుత్వపు కమోయిన్ష్ సంస్థ దీనికిఁ దోడ్పడుచున్నది. కూన్య రివార పేర నచట నొక ఆచార్యపీఠము గలదు. ఈయన 19వ శతాబ్దమునఁ బోర్చుగీసు ప్రభుత్వోద్యోగియై గోవాకు వచ్చియు, కొంకణిని నిరాదరించుట తగదని వాదించిన పండితుఁడు.

పాలకులు పోయిన పిదప వారి భాష యేల యని కొందఱందురు. పాలకులు పోయిరి, పత్రములు పోలేదు. విద్యార్థులు కొలఁదిమందియే గదా యని మఱికొందఱందురు. ఊరికి వైద్యుఁడొక్కఁడే యైనను వలదందుమా? పైగా బ్రెజిలు, అంగోలా, మొజాంబిక్ మున్నగు దేశముల సారస్వతము నీ భాషతోనే తెఱచుకొనును.

సోదరీమణులారా! భాషలయందు ఆసక్తిగల బాలికలు మన యిండ్లలో నున్నచో, ఈ చదువును వారి యెదుట నుంచుఁడు. తాళపుచెవి తుప్పుపట్టినచో, పెట్టెలోని సొమ్ము ఎవరిదైనను ప్రయోజనమేమి?