కిల్టుకు తగిన మేజోళ్ళు, పాదరక్షలు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఈ వ్యాసం రాస్తూంటే మా రూమ్మేటు తొంగిచూసి, "రైతు బిడ్డవి, చదివేది సైన్సు, నీకీ స్కాట్లండు వాళ్ళ గుడ్డల గొడవ ఎందుకురా?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. జవాబు ముందే చెప్పేస్తాను.

మా పెదనాన్నగారి అబ్బాయి గ్లాస్గోలో పై చదువు చదువుతున్నాడు. కిందటి వేసవిలో తోటి విద్యార్థులు అతన్ని ఒక పల్లెటూళ్ళో జరిగే హైలాండ్ క్రీడలకు రమ్మన్నారు. సరదాపడి పాత బట్టల దుకాణంలో ఒక కిల్టు కొన్నాడు. అది కట్టుకోవడం అతనికేమీ కష్టం కాలేదు, బుద్ధెరిగినప్పటి నుంచీ లుంగీ కట్టినవాడే కదా! చిక్కంతా మోకాలి కింద వచ్చింది. ఇంటర్వ్యూల కోసం కొనుక్కున్న పల్చటి నల్ల నైలాన్ సాక్సు, నున్నటి అడుగున్న నల్ల బూట్లు వేసుకుని బయల్దేరాడు. క్రీడలు జరిగేది పచ్చిక మైదానంలో. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. బూట్లలోకి నీళ్ళు చేరాయి, సాక్సు చీలమండ కిందికి జారిపోయాయి, మడమ బొబ్బలెక్కింది. పక్కన నిలబడ్డ ఒక ముసలి గొర్రెల రైతు అతని మొహం చూడలేదట, కాళ్ళకేసి చూశాడట. తన కారులోంచి దళసరి బూడిదరంగు ఉన్ని మేజోళ్ళ జత తెచ్చి ఇచ్చి, "ముందు నేల చూసుకోవాలి నాయనా, తర్వాత బూటు" అన్న అర్థం వచ్చేట్టు ఏదో చెప్పాడట.

"ఒరే తమ్ముడూ, ఆ ముసలాయన అచ్చం మన తాతలాగే మాట్లాడాడురా" అన్నాడు అన్నయ్య ఫోన్లో.

ఆ మాట పట్టుకుని నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఆశ్చర్యం వేసింది. కిల్టు కింద ఏ మేజోళ్ళు, ఏ బూట్లు వేసుకోవాలన్న నియమాలు పైకి దొరల షోకుల్లా కనిపిస్తాయి. కాని వాటిలో చాలా భాగం బురదలో నడిచిన మనుషుల దగ్గర పుట్టినవే.

ముందు కిల్టు సంగతి

కిల్టు అంటే వెనుక కుచ్చిళ్ళు, ముందు సాపు భాగమూ ఉండి, అంచు సరిగ్గా మోకాలి దగ్గర ఆగే ఉన్ని వస్త్రం. పండుగలకు కట్టే కిల్టుకు సుమారు 8 గజాల బట్ట పడుతుంది. మామూలు రోజుల్లో కట్టేదానికి 4, 5 గజాలు చాలు. 16వ శతాబ్దం చివర హైలాండ్స్ అనే కొండసీమ ప్రజలు ఒక పెద్ద దుప్పటినే కుచ్చిళ్ళు పోసి నడుముకు బెల్టుతో బిగించి, మిగిలింది భుజాన వేసుకునేవారు. 18వ శతాబ్దం మొదటి భాగంలో దాని కింది సగం విడిగా వాడుకలోకి వచ్చింది. అదే ఈనాటి కిల్టుకు మూలం.

దీన్ని కట్టుకున్నందుకు జైలుకు పంపిన రోజులు కూడా ఉన్నాయి. తిరుగుబాటును అణచిన తర్వాత బ్రిటిషు పార్లమెంటు 1746లో చట్టం చేసి, 1747 ఆగస్టు 1 నుంచి హైలాండ్స్ మగవాళ్ళు ఈ దుస్తులు ధరించరాదని నిషేధించింది. మొదటి తప్పుకు ఆరు నెలల ఖైదు, రెండవ తప్పుకు ఏడేళ్ళు సముద్రాల అవతలికి ప్రవాసం. సైనికులకు మాత్రం మినహాయింపు. చట్టం 1782లో రద్దయింది. ఆ తర్వాత 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు తానే కిల్టు కట్టాడు. పేదవాడి ఒంటిమీద నేరమైన బట్ట రాజు ఒంటిమీద గౌరవమైంది!

బూటుకు చిల్లులెందుకు?

పశ్చిమ హైలాండ్స్‌లో కొన్నిచోట్ల ఏడాదికి 3000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మన కోస్తాలో కురిసేది వెయ్యి చిల్లర, అదీ కొన్ని నెలల్లోనే. అక్కడ కొండల మీద పీట్ అనే నేల ఉంటుంది. చచ్చిన నాచూ మొక్కలూ నీళ్ళలో సగం కుళ్ళి, పొరలు పొరలుగా పేరుకున్న నేల అది. అడుగు వేస్తే దమ్ము చేసిన మడిలో వేసినట్టే దిగబడుతుంది.

అలాంటి నేలమీద నీళ్ళు లోపలికి రాకుండా ఆపడం ఆనాటి తోలుకు సాధ్యం కాదు. అందుకని వాళ్ళు ఎదురు దారిన ఆలోచించారు. నీళ్ళు రానీ, కాని వచ్చిన నీళ్ళు పోవాలి! పచ్చితోలు చెప్పుకు చిల్లులు పొడిచారు. 1754లో అచ్చయిన తన లేఖల్లో ఎడ్మండ్ బర్ట్ అనే ఇంగ్లీషు ఉద్యోగి ఈ సంగతి రాశాడు. ఏరులు దాటి దూరం పోవలసి వస్తే కొత్త చెప్పులకు కూడా చిల్లులు చేసుకునేవారట. గేలిక్ భాషలో చెప్పును 'బ్రోగ్' అంటారు. ఇవాళ షోరూముల్లో అద్దాల వెనుక ఉండే బ్రోగ్ బూట్ల మీద కనిపించే చిల్లుల ముగ్గు ఆ చిల్లుల జ్ఞాపకమే. ఇప్పుడు అవి లోపలిదాకా ఉండవు, ఉత్త అలంకారం.

'గిల్లీ బ్రోగ్' అని ఇంకో రకం ఉంది. గిల్లీ అంటే వేటగాళ్ళ వెంట నడిచే పనివాడు. ఈ బూటుకు లేసుల కింద ఉండే తోలు నాలుక ఉండదు, కాబట్టి గాలి ఆడి త్వరగా ఆరుతుంది. పొడుగాటి లేసుల్ని చీలమండ పైదాకా చుట్టి కడతారు. ఎందుకంటే ముడి పాదం మీద ఉంటే బురదలో మునుగుతుంది, పైన ఉంటే బూటు ఊడిపోకుండా పట్టుకుంటుంది. పనివాడి పేరున్న ఈ బూటు ఇప్పుడు పెళ్ళికొడుకులు వేసుకునే బూటయింది.

మేజోడు చేసే పని

మోకాలి నుంచి కింద చలి, వాన, ముళ్ళపొదలు కాచుకోవలసింది మేజోడే. అందుకే అది దళసరి ఉన్నిది కావాలి. దీనికి సైన్సు కారణం ఉంది. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం వరకు తేమను పీల్చుకున్నా చేతికి తడిగా తగలదు. అలా పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. పైగా ఉన్ని పోగు వంకీలు తిరిగి ఉండడం చేత మధ్యలో గాలి నిలుస్తుంది, గాలి ఉష్ణాన్ని సులభంగా పోనివ్వదు. నూలు తడిస్తే పోగులు అతుక్కుపోయి ఆ గాలి కాస్తా పోతుంది. వానలో మన గొర్రెల కాపరి నూలు దుప్పటి కాక గొంగళి కప్పుకోవడంలో రహస్యం ఇదే. కొనేటప్పుడు మడమ, వేళ్ళ దగ్గర కొంచెం నైలాన్ కలిసిన ఉన్ని చూసుకుంటే త్వరగా చిరగదు.

కొలత విషయానికి వస్తే, మేజోడు పై అంచును మడిచి, ఆ మడత మోకాలిచిప్ప కింద రెండు మూడు వేళ్ళ దూరంలో ఆగేట్టు చూడాలి. కిల్టు అంచుకూ మేజోడుకూ మధ్య మోకాలు బయటికి కనపడాలి. ఇది చూపు కోసమే కాదు. మోకాలు మడిచి గట్టు ఎక్కేవాడికి అక్కడ గుడ్డ అడ్డం పడకూడదు. మన రైతు పంచె ఎగగట్టేదీ అక్కడికే. మడత కింద ఒక ఎలాస్టిక్ పట్టీ ఉంటేగాని మేజోడు నిలవదు. ఆ పట్టీకి వేలాడే రంగు గుడ్డ ముక్కల్ని ఫ్లాషులంటారు. మామూలు రోజున అవి లేకపోయినా తప్పులేదు, పట్టీ మాత్రం ఉండాలి.

ఇక్కడ ఒక చక్కని విషయం. పూర్వం మేజోళ్ళు అల్లేవారు కాదు, గళ్ళ బట్టనే కత్తిరించి కుట్టేవారు. నేసిన బట్ట నిలువునా అడ్డానా సాగదు, ఏటవాలుగా సాగుతుంది. మన టైలరు జాకెట్టు గుడ్డను క్రాసుగా కత్తిరించేది అందుకే కదా! అలా క్రాసుగా కత్తిరిస్తే బట్ట పిక్కకు పట్టుకునేది, బట్టమీది చదరపు గళ్ళు డైమండ్ గళ్ళయ్యేవి. అల్లిక మేజోళ్ళు వచ్చాక అల్లేవాళ్ళు ఆ డైమండ్లను నిలుపుకున్నారు. ఇప్పుడు ఆర్గైల్ అనే పేరుతో ప్రపంచమంతా అమ్ముడుపోయే సాక్సు డిజైను అదే.

మామూలు రోజున ఏది వేసుకోవాలి?

ఇక అసలు ప్రశ్న. పెళ్ళికీ విందుకూ నియమాలు బిగువుగా ఉంటాయి. వెండి బకిలు బూట్లు, గిల్లీ బ్రోగులు అక్కడికే ఉంచండి. మామూలు కిల్టుకు మూడు సూత్రాలు చాలు.

మొదటిది, బరువు. నడుముచుట్టూ గజాలకొద్దీ కుచ్చిళ్ళు ఉంటాయి. కింద పల్చటి సాక్సు, సన్నటి బూటు వేస్తే కాళ్ళు కొంగకాళ్ళలా కనిపిస్తాయి. పైన ఎంత బట్ట ఉందో కింద అంత దిట్టం ఉండాలి. బూటు అడుగు మందంగా ఉండాలి. ఆఫీసు బూట్లు పనికిరాకపోవడానికి కారణం వాటి నలుపు కాదు, వాటి పల్చదనం.

రెండవది, రంగు. అద్దె దుస్తులతో వచ్చే తెలుపు లేక మీగడ రంగు మేజోళ్ళు మామూలు రోజుకు నప్పవు, మచ్చ కూడా దాచవు. బూడిదరంగు, ముదురు ఆకుపచ్చ, నీలి, గోధుమ రంగుల్లో ఒకటి ఎంచుకోవాలి. కిల్టు గళ్ళలో సన్నగీతగా ఉన్న రంగు మేజోడుకు తీసుకుంటే బాగుంటుంది. పెద్ద గడి రంగే తీసుకుంటే యూనిఫారంలా ఉంటుంది. ఏదీ తోచకపోతే బూడిదరంగు ఎప్పుడూ మోసం చెయ్యదు.

మూడవది, నేల. పట్నం వీధుల్లో పొడి రోజున గోధుమరంగు బ్రోగులు, నిండు మేజోళ్ళు బాగుంటాయి. కొండమీదికో మైదానానికో పోతే చీలమండ దాటే తోలు బూట్లు, గాళ్ళున్న రబ్బరు అడుగు కావాలి. ఆ బూట్లమీదికి దళసరి సాక్సును కుచ్చులు పడేట్టు కిందికి జార్చుకోవచ్చు. స్కాట్లండు ఫుట్‌బాల్ జట్టు అభిమానులు, టార్టన్ ఆర్మీ అని పిలవబడేవారు, జట్టు చొక్కా మీద కిల్టు కట్టి ఇలాగే వేసుకోవడం మామూలు. అయితే జార్చుకోవడం వేరు, జారిపోవడం వేరు. సాక్సు దళసరిదై, రెండు కాళ్ళకూ సమానంగా ఉంటేనే అది కావాలని చేసినట్టు ఉంటుంది. ఎండ రోజుల్లో కాన్వాసు బూట్లు కూడా కుర్రవాళ్ళకు చెల్లుతాయి. బూటులో దాక్కునే పొట్టి సాక్సు ఒక్కటి మాత్రం వద్దు.

డబ్బు చాలని విద్యార్థికి ఒక ఉపాయం సైనికుల నుంచి వచ్చింది. హైలాండ్ రెజిమెంట్లు పాదం లేని మేజోళ్ళు వాడేవి. పిక్కమీద ఆ గొట్టం, లోపల మామూలు సాక్సు, పైన బూటు. మేజోడులో ముందు చిరిగేది మడమే కాబట్టి, చవక సాక్సు మారుస్తూ పోతే ఖరీదైన పైభాగం ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

మేజోడులో దోపుకునే చిన్న కత్తి సంగతి. దాన్ని స్గియన్ డూ అంటారు. జాతీయ వేషంలో భాగమని అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అయినా బీటు కొట్టడానికి వెళ్ళేవాడికి కత్తి ఎందుకు? మామూలు రోజున ఇంట్లో పెట్టిరావడమే మేలు. విమానం ఎక్కేటప్పుడు సరేసరి.

చివరిగా ఉతుకు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల వంటి పొరలుంటాయి. వేడినీళ్ళలో వేసి రుద్దితే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని మేజోడు కుంచించుకుపోతుంది. చన్నీళ్ళు, మెత్తటి సబ్బు, పిండకుండా అదిమి, నీడలో పరిచి ఆరేయడం. అంతే.

ముగింపు

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నేను మొదటి సంవత్సరంలో ఉండగా మా నాన్న నాట్ల మధ్యలో ఫీజు డబ్బు తీసుకుని హాస్టలుకు వచ్చారు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. పిక్కలమీద బురద ఎండి తెల్లగా పెచ్చు కట్టింది. వరండాలో ఎవరో నవ్వారు. నేను ఆయన్ని గదికి తీసుకువెళ్ళకుండానే బస్టాండుకు తీసుకుపోయాను. నాన్న ఏమీ అనలేదు. "చెప్పులు బురదలో తెగుతాయని చేత్తో పట్టుకున్నానురా, ఇక్కడికొచ్చాక వేసుకోవడం మరిచాను" అన్నారు, అంతే.

వేల రూపాయల బ్రోగ్ బూటు మీది చిల్లులు ఎలా వచ్చాయో తెలుసుకున్న రోజు నాకు ఆ వరండా గుర్తొచ్చింది. అలాంటి రైతు నడకలోంచే ఆ చిల్లులు వచ్చాయి. ఆయన కాలికి పట్టింది సిగ్గుపడవలసిన బురద కాదు. ఈ పండక్కి నాన్నను మళ్ళీ హాస్టలుకు రమ్మన్నాను. ఎలా వీలైతే అలా రమ్మన్నాను. ఈసారి నా మిత్రులకు నేనే పరిచయం చేస్తాను.